బ్రేకుల్లో ఆముదం

అమెరికాలోని నోవై ఊళ్లో రాధాకృష్ణకి బ్రేకుల ఇంజనీరని పేరు. ఇరవై రెండేళ్లుగా ఆయన బ్రేకులు కంప్యూటర్ తెర మీదే పడ్డాయి, తెర మీదే వదిలాయి. తెలుగు సంఘం వేదికెక్కితే శ్రమగౌరవం గురించి గంటసేపు దంచేస్తాడు. ఇంట్లో బల్బు మార్చాలంటే మాత్రం మనిషిని పిలుస్తాడు.

అలాంటివాడు పక్కింటి డోరతీకి మాటిచ్చాడు. ఆవిడ కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైంది. చనిపోయిన భర్త కారు పద్దెనిమిదేళ్లుగా గరాజ్‌లో ఉంది. సోమవారం, అక్కడి కార్మికుల పండగ లేబర్ డే ఊరేగింపులో యూనియన్ వాళ్లతో ఆ కారులోనే వెళ్లాలని ఆవిడ కోరిక. ఇంజను లేచింది గానీ బ్రేకులు పట్టేసి చక్రాలు కదలడంలేదు.

"బ్రేకులేగా! నాకొదిలెయ్యండి" అన్నాడు.

"ఏవండీ, మీరు చేసేది బ్రేకులా, బ్రేకుల మీద పీపీటీలా?" అంది భార్య జయంతి.

శనివారం పొద్దున్నే చక్రాల బ్రేకు డ్రమ్ములు కొట్టి ఊడదీసి తుప్పు గీకాడు. చక్రాలు తిరిగాయి. ఆ గర్వంలో తెలివి ముదిరింది. పాతకాలం బ్రేకుల్లో ఆముదం పోసేవారని ఎక్కడో చదివాడు. స్పిరిట్ కలిపి పోసేవారన్న తర్వాతి వాక్యం చదవలేదు. ఇండియన్ స్టోర్‌లో సీసాలు కొనితెచ్చి నింపాడు. పెడల్ తొక్కాడు. చక్రాలు బిగుసుకున్నాయి. కాలు తీసినా వదల్లేదు.

"తలకి రాసేది కారుకి పోశారా? జుట్టు ఒత్తుగా వస్తుందిలెండి" అంది జయంతి.

వెళ్లి డోరతీతో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆవిడ కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, అట్టముక్క పరుచుకుని కారు కిందికి దూరింది. చక్రం వెనక చిన్న మర విప్పగానే ఆముదం చిమ్మింది, చక్రం వదులైంది.

"నీ నూనె మరీ చిక్కన, వెనక్కి పోలేకపోతోంది హనీ. పాత రబ్బరు గొట్టాలూ లోపల ఉబ్బి మూసుకుపోయాయి. ఫ్యాక్టరీ లైన్‌లో పన్నెండేళ్లు నేను బిగించింది ఇవే. మీ పైఅంతస్తు ఇంజనీర్లు ఒక్కరైనా దిగొచ్చి అడిగితేగా!"

రాధాకృష్ణ కూడా ఏనాడూ దిగలేదు.

ఆదివారమంతా గొట్టాలు మార్చి, ఆముదం కడిగేసి, అసలు బ్రేక్ ఆయిల్ పోశారు. డోరతీ కింద నుంచి "తొక్కు... పట్టుకో... వదులు" అంటుంటే, ఇంజనీరుగారు కాలిచ్చారు.

సోమవారం స్టీరింగ్ డోరతీదే. ప్రతి కూడలిలో కారు మెత్తగా ఆగుతోంది. పక్క సీట్లో రాధాకృష్ణ మాత్రం, లేని పెడల్‌ని బలంగా తొక్కుతూనే ఉన్నాడు.