కాలువ గట్టు దాకా ఒక క్యాను డీజిల్

మా సంఘానికి ఒక మినీ లారీ ఉండేది. సరుకుల రవాణా మానుకున్న ఒక విశ్వాసి దాన్ని దేవుని పనికి ఇచ్చేశాడు. ఇస్తున్నప్పుడు ఆయన కళ్లు చెమర్చాయి. అది ఎంత డీజిల్ తాగుతుందో తెలిశాక మా కళ్లూ చెమర్చాయి.

నేను వాక్యం నేర్చుకోవడానికి రెండేళ్లు బైబిలు పాఠశాలకు వెళ్లొచ్చినవాణ్ణి. ప్రసంగ వేదిక ఇస్తారనుకుంటే, సంఘం నాకు స్టీరింగు ఇచ్చింది. వారమంతా నా పుస్తకాల కొట్టు చూసుకునేవాణ్ణి. ఆదివారం తెల్లవారేసరికి బెంజ్ సర్కిల్ దగ్గరున్న మా మందిరం నుంచి లారీ తీసి, బందరు రోడ్డు మీద కంకిపాడు దాకా, అక్కణ్ణుంచి కాలువ గట్టు వెంట ఒక చిన్న పల్లె దాకా వెళ్లేవాణ్ణి. అక్కడ వెనక్కి తిప్పి, ఊరూరా విశ్వాసుల్ని తొట్టిలోని బల్లల మీద కూర్చోబెట్టుకొని ఆరాధనకు తెచ్చేవాణ్ణి. మధ్యాహ్నం మళ్లీ అందరినీ దించి, ఖాళీ లారీతో మందిరానికి చేరేవాణ్ణి.

ఆ చివరి పల్లెలో మాకున్నది ఒకే ఒక విశ్వాసి. అందరూ మామ్మ అనే పిలిచేవాళ్లం. మోకాళ్లు అరిగిపోయాయి గానీ గొంతు అరగలేదు. పాట ఏ శ్రుతిలో ఎత్తినా ఆవిడ ఇంకో శ్రుతిలో అందుకునేది, చివరికి సంఘమంతా ఆవిడ శ్రుతిలోకే వచ్చేది. గట్టు మీదికి బస్సు లేదు. లారీ రాకపోతే ఆవిడకు ఆరాధన లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో డీజిల్ ధర పెరిగింది. సంఘ పెద్దలు కూర్చొని, లారీ ఇక కంకిపాడు దగ్గరే ఆగాలని తేల్చారు. మామ్మ కోసం నేను బతిమాలాను. పెద్దల్లో ఒకాయన రైల్వేలో ఇంజన్ డ్రైవరు. ఏ విషయంలోనైనా సిగ్నల్ పడితే తప్ప కదలని మనిషి. ఆయనే ఒక దారి చూపించాడు. ఇకనుంచి ఆదివారానికి ఒక క్యాను డీజిల్. నాలుగు ఆదివారాల్లోగా ఆ ఒక్క క్యానుతో పల్లె దాకా పోయి రాగలిగితే మామ్మను తీసుకురావచ్చు. లేదంటే ఆపేయాలి. నాకు నేర్పడానికి డ్యూటీ లేని ఆదివారాలు పక్కనే కూర్చుంటానన్నాడు.

మొదటి పాఠం బ్రేకు గురించి. ఆయన లెక్కలో బ్రేకు అంటే తగలబెట్టిన డీజిల్. అంత డీజిల్ పోసి బండికి వేగం తెచ్చి, ఆ వేగాన్ని బ్రేకు కింద వేడి చేసి గాలికి వదిలేస్తున్నామట. ఎదర ఎద్దుబండి కనిపిస్తే దగ్గరికి వెళ్లి తొక్కడం కాదు, కనిపించినప్పుడే ఎక్సలేటరు మీద నుంచి కాలు తీసెయ్యాలి. గేరులోనే ఉంచి దానంతటది నెమ్మదించనివ్వాలి. న్యూట్రల్ మాట ఎత్తితే ఊరుకునేవాడు కాదు. బెంజ్ సర్కిల్‌లో సిగ్నల్ ఎర్రగా ఉందని పటమట నుంచే కాలు తీయమంటే తీశాను. వెనక సిటీ బస్సు హారన్ కొట్టీ కొట్టీ పక్కకు వచ్చింది. దాని డ్రైవరు కిటికీలోంచి చూసి, "ఏవండీ, పెళ్లికూతుర్ని తీసుకెళ్తున్నారా?" అని అడిగి వెళ్లిపోయాడు.

తన కొత్త ఇంజన్ గురించి ఆయనకు చెప్పలేనంత గర్వం. దానికి బ్రేకు వేస్తే మోటార్లే తిరగబడి కరెంటు పుట్టిస్తాయని, ఆ కరెంటు పైతీగలోకి తిరిగిపోయి ఎక్కడో ఎత్తు ఎక్కుతున్న ఇంకో రైలుకు పనికొస్తుందని చెప్పాడు. నాకు ఒళ్లు పులకరించింది. ఐదు రొట్టెలతో అంతమందికి కడుపు నింపిన ప్రభువు, మిగిలిన ముక్కలు కూడా పోకూడదని గంపలకెత్తించాడు కదా. రొట్టెలు చేయగలిగినవాడికి ముక్కలతో ఏం పని? అయినా ఎత్తించాడు. ఆ వారం సాక్ష్యాల సమయంలో లేచి ఈ రెండింటినీ కలిపి చెప్పాను. ప్రసంగం నాకు ఇవ్వకపోయినా సాక్ష్యం ఎవరైనా చెప్పొచ్చు.

దాని ఫలితం లారీ వెనక భాగంలో కనిపించింది. బ్రేకు వేస్తే ముక్కలు పారబోసినట్టేనని మామ్మ తొట్టిలో అందరికీ బోధించింది. నేను బ్రేకు మీద కాలు పెడితే చాలు, వెనక నుంచి ఆవిడ గొంతు "స్తోత్రం" అని దీర్ఘం తీసేది. ఆ వెంటనే తొట్టంతా "స్తోత్రం" అనేది. అది దేవునికో నాకో అందరికీ తెలుసు. కుక్క అడ్డొస్తే స్తోత్రం, ఆటో అడ్డొస్తే స్తోత్రం. పెనమలూరులో ఒకాయన చెయ్యెత్తి లారీ ఆపుతుండగా ఇంతమంది ముక్తకంఠంతో స్తోత్రం చెప్పేసరికి, తన రాకకు సంతోషించారనుకొని ఏడ్చేశాడు.

మొదటి ఆదివారం తిరిగొస్తుండగా ఈడుపుగల్లులో డీజిల్ అయిపోయింది. రెండో ఆదివారం పోరంకిలో. మూడో ఆదివారం పటమట దాకా వచ్చి ఆగింది. ఇంకొక్క పిసరు దాటితే మందిరం. ఇంజన్ డ్రైవరుగారు మొదటిసారి నా భుజం తట్టాడు. బరువు కూడా తగ్గితే తప్పకుండా చేరుతుందని ఒక మాట అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

నాలుగో ఆదివారం తొట్టిలో ఎక్కినవాళ్లందరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి. పాట కూడా నీరసంగా ఉంది. ఏమైందని అడిగితే తెలిసింది. లారీకి బరువు తగ్గాలని మామ్మ అందరిచేతా ఉపవాసం పట్టించింది. శనివారం మధ్యాహ్నం నుంచి ఎవరూ ఏమీ ముట్టలేదు.

"మామ్మగారూ, ఉపవాసం ప్రార్థనకండీ, డీజిల్‌కి కాదు," అన్నాడు ఇంజన్ డ్రైవరుగారు.

"ప్రార్థన కూడా చేశాంలే బాబూ. రెండూ ఒకే ఖర్చులో అయిపోయినియ్," అంది మామ్మ.

అయితే ఆ ఆదివారం ప్రేమవిందు ఉన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆరాధన ముగిశాక పలావు వడ్డించారు. శనివారం నుంచి కడుపు మాడ్చుకున్నవాళ్లు ఎలా తినాలో అలా తిన్నారు. మిగిలింది పారేయకూడదని నా సాక్ష్యం గుర్తుచేసుకొని, గిన్నెలతో సహా లారీ ఎక్కించారు. బెంజ్ సర్కిల్‌లో ఏదో ఊరేగింపు. లారీ ఆపితే మళ్లీ స్టార్ట్ కాదన్న భయంతో ఇంజన్ ఆపకుండా చాలాసేపు నిలబెట్టాను. కంకిపాడు దాకా మిగతా అందరినీ దించి గట్టెక్కాక, ఎదురుగా బాతుల మంద. బ్రేకు వేశాను. ఆ ఒక్కసారి మామ్మ స్తోత్రం చెప్పలేదు.

ఆవిడ ఇంటి ముందుకు వచ్చి, దగ్గి, లారీ ఆగిపోయింది. తిరుగు ప్రయాణమంతా మిగిలే ఉంది. పొలానికి నీళ్లు తోడే మోటారు కోసం పక్కింటాయన దాచుకున్న డీజిల్ కొంచెం పోసి చూశాం. గొట్టంలో గాలి పట్టేసింది, గాలి తీసే చేతిపంపు వాషరు చిరిగిపోయింది. ఇంజన్ డ్రైవరుగారికి సాయంత్రం డ్యూటీ ఉంది. లారీని అక్కడే వదిలేసి ఇద్దరం కంకిపాడుకు నడిచి బస్సెక్కాం. నేను మామ్మ ముఖం తలుచుకుంటూ నడిచాను. లారీకి వేసిన నిచ్చెన మీద నుంచి దిగుతూ ఆవిడ నన్ను ఒకటే అడిగింది: "వచ్చే వారం లారీ తీసుకెళ్లడానికైనా వస్తావుగా? అప్పుడు ఒక్కసారి ఎక్కించుకుంటావా?"

ఎక్కించుకుంటానని మాటిచ్చాను. అదే ఆఖరిసారి అని ఇద్దరికీ తెలుసు.

మరుసటి ఆదివారం మొదటి బస్సులో కొత్త వాషరు, ఆ వారం క్యాను పట్టుకొని బయల్దేరాం. ఇక లారీ రాదన్న కబురు సంఘ పెద్దగా తానే మామ్మకు చెప్పాలని ఇంజన్ డ్రైవరుగారూ వచ్చాడు. పల్లెలో లారీ పరిస్థితి చూసి ఇద్దరం గుమ్మం దగ్గరే నిలబడిపోయాం. తొట్టిలో మినుములు ఎండుతున్నాయి. బల్లల మీద కోళ్లు. స్టీరింగుకు మామ్మ చీర ఆరేసి ఉంది. అన్నీ ఖాళీ చేసి, వాషరు మార్చి, గాలి తీసి, క్యాను పోసి బయల్దేరాం. నేను ఎన్ని బ్రేకులు వేసినా వెనక నుంచి ఒక్క స్తోత్రం రాలేదు.

ఆరాధన అయింది. అందరినీ దించుకుంటూ మళ్లీ మామ్మ ఇంటికి వచ్చాం. ఇప్పుడు చెప్పాలి. లారీలో డీజిల్ చూపించే గేజు ఎప్పుడో పాడైంది కాబట్టి, తిరిగి వెళ్లడానికి డీజిల్ ఎంతుందో చూద్దామని ఇంజన్ డ్రైవరుగారు కంది పుల్ల విరిచి ట్యాంకులో ముంచాడు. తీసి చూశాడు. తుడిచి మళ్లీ ముంచాడు. అరుగు మీద కూర్చుండిపోయాడు.

"సగం ఉందండీ," అన్నాడు నాతో. "మనం పొద్దున ఇక్కణ్ణుంచే బయల్దేరాం కదా. ఖాళీగా రావడం లేదు, ఖాళీగా పోవడం ఉండదు, లారీ ఇక్కడే ఉంటే. ఇన్నాళ్లూ సగం డీజిల్ ఖాళీ బల్లల్ని తిప్పడానికే పోశాం. రైల్వేలో ఖాళీ బోగీల్ని ఇట్లా తిప్పితే పిలిచి అడిగేవాళ్లు."

మామ్మకు ఇంకా అర్థం కాలేదు. తనకు చెప్పాల్సిన కబురు ఇదేనేమోనని ఆయన నోటివైపే చూస్తోంది. ఆయన లేచి, చేతులు కట్టుకొని, లారీ ఆదివారం నుంచి ఆదివారం దాకా ఆవిడ వాకిట్లో ఉండటానికి ఒప్పుకుంటారా అని అడిగాడు. డ్రైవరు బస్సులో వస్తాడు, కంకిపాడు నుంచి సైకిలు మీద చేరతాడు అన్నాడు. సైకిలు తొక్కేది ఎవరో నన్ను అడగలేదు.

మామ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత లారీని ఆ చివర నుంచి ఈ చివరికి చూసి, "ఉంచండి. మినుముల రోజుల్లో మాత్రం తొట్టి మీద టార్పాలిన్ కప్పొద్దు," అంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు ప్రతి ఆదివారం పొద్దున్నే సైకిలు తొట్టిలో పడేసి, కోళ్లను అదిలించి, మామ్మను ముందు సీట్లో ఎక్కించుకొని బయల్దేరేవాణ్ణి. కంకిపాడులో ఎవరైనా ఇంకా తల దువ్వుకుంటూ కనిపిస్తే ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమ్మా, ఊరి చివరిదాన్ని నేను ఎక్కేశాను, మీకు తెల్లారలేదా?" అనేది. ఆ గొంతు విన్నాక ఎవరూ జడ పూర్తిగా వేసుకొని ఎక్కిన గుర్తు నాకు లేదు.