అత్త అర్జీ మీద ఎర్ర సిరా

నా చిన్నప్పుడు యానాంలో ఇంగ్లీషు వచ్చిన పిల్లంటే ఇంటిల్లిపాదికీ గొప్ప. ఆ గొప్ప నా నెత్తికెక్కింది. మా మేనత్త ఫ్రెంచి బడిలో చదివింది, ఆ భాషలో దిట్ట. ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయి సర్కారు కచేరీ పనులు ఇంగ్లీషులోకి మారాక, పాపం, ఆవిడ చదువు అక్కరకు రాకుండా పోయింది. మావయ్య పోయి అప్పటికి ఏడాది. మా ఇంట్లో తింటూ, మా అమ్మ విసుర్లు పడలేక, కచేరీలో గుమాస్తా ఉద్యోగానికి ఇంగ్లీషులో అర్జీ రాసుకుంది.

మూడు రోజులు కష్టపడి, స్టాంపు అంటించిన కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. అర్జీలకు ఆఖరి రోజు పొద్దున్న, "ఓసారి చూసిపెట్టవే అమ్మడూ" అని నా చేతికిచ్చి స్నానానికి వెళ్లింది.

నేను మా మాస్టారిలా ఎర్ర సిరా కలం తీశాను. అసలు కాగితం మీదే! ఏకవచన కర్తకి బహువచన క్రియ పెట్టిన చోటల్లా సున్నా చుట్టాను. తన భర్త పడవ నడుపుతున్నారని రాస్తే, వర్తమానం కొట్టేసి భూతకాలం చేశాను. అడుగున పదికి నాలుగు మార్కులేశాను. ఆవిడ రాగానే, "పోయినాయన ఇంకా నడుపుతున్నాడంటావేంటత్తా?" అని పకపకా నవ్వాను. ఛీ, ఎంత పొగరు!

ఇంకో స్టాంపు కొని మళ్లీ రాసేలోగా, మధ్యాహ్నానికే అర్జీలు తీసుకోవడం ఆపేస్తారు. అత్త ఆ కాగితమే పట్టుకుని, నన్ను తోడు తీసుకుని బయలుదేరింది.

అక్కడి పెద్ద గుమాస్తా అర్జీని పక్కవాళ్లకు చూపించి మరీ నవ్వాడు.

"ఈ మార్కులెవరేశారమ్మా?"

నేను అత్త వెనక్కి నక్కాను. అత్త నా భుజం పట్టుకుని ముందుకు తెచ్చింది.

"మా మేనకోడలండి. ఇంగ్లీషులో క్లాసుకే ఫస్టండి, ఆయ్."

ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే మురిసిపోతోంది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

ఉద్యోగం రాలేదు. అత్త చివరిదాకా మా అమ్మ విసుర్ల మధ్యే ఉండిపోయింది. ఆ రోజు సంగతి ఎవరితోనూ అనలేదు, నన్నూ ఒక్క మాట అనలేదు. నేనేమో ఆ ఇంగ్లీషుతోనే టీచరునై, ఊళ్లో పిల్లలందరి తప్పులూ దిద్ది రిటైరయ్యాను. "తప్పయిపోయిందత్తా" అన్న మాట మాత్రం, ఆవిడ బతికుండగా తెలుగులో కూడా నా నోట రాలేదు.