ఉప్పుగాలి ఇంట్లో కంప్యూటర్

మా చెల్లి చాలాకాలం ఫోన్ తెర మీద వేలితోనే బొమ్మలు గీసింది. బట్టల షాపులో బిల్లులు కొట్టే పని ముగించుకుని జాలరిపేటలోని మా ఇంటికి వచ్చి, గడప మీద కూర్చుని, ఒడ్డుకు లాగిన పడవల్ని గీసేది. మధురవాడలో గేములు తయారుచేసే చిన్న కంపెనీ వాళ్లు ఆ బొమ్మలు చూసి ఒక పరీక్ష పెట్టారు. సొంతంగా ఒక ఆట చేసి పంపాలి. చిన్నదైనా ఫరవాలేదు, కానీ ఆడగలిగేలా ఉండాలి. నచ్చితే పనిలోకి తీసుకుంటారు. గడువు నెలాఖరు.

ఆటలు చేసే సాఫ్ట్‌వేర్ ఫోన్‌లో నడవదు. మా ఇంట్లో కంప్యూటర్ లేదు.

"విడిభాగాలు తెచ్చి నేనే బిగిస్తాను" అన్నాను.

అలా అనగలిగిన ధైర్యం నాకు గ్రంథాలయం ఇచ్చింది. నేను పోర్టు గేటు దగ్గర లారీల నంబర్లు రాసుకునే పనిలో ఉన్నాను. చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. కానీ సెలవు దొరికినప్పుడల్లా గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల దగ్గరే ఉంటాను. కంప్యూటర్ పుస్తకాలు ఇంటికివ్వరు, అక్కడే చదువుకోవాలి. మదర్‌బోర్డు బొమ్మని పెన్సిల్‌తో తెల్లకాగితం మీద దించుకుని, ఏ గాడిలో ఏది దిగుతుందో నోటికి వచ్చేదాకా చూసేవాణ్ణి. పుస్తకాలు పాతవే. కొత్త సంగతులు పక్కనున్న ఇంటర్నెట్ గదిలో సరిచూసుకునేవాణ్ణి. కాలేజీ మెట్లెక్కి ఇంజనీరైన వాళ్లతో మాట్లాడేటప్పుడు ఆ మాట కావాలనే ఒకసారి చెబుతాను, లైబ్రరీలో నేర్చుకున్నానని.

ఉన్న కొద్ది డబ్బు ఎక్కడ పెట్టాలన్నదే అసలు లెక్క. పెద్ద బొమ్మలు పొరలు పొరలుగా గీయాలంటే ర్యామ్ ఎక్కువ కావాలి. ఆట నడిపి చూసుకోవాలంటే ప్రాసెసర్ గట్టిది కావాలి. గ్రాఫిక్స్ కార్డు సెకండ్‌హ్యాండ్‌ది చాలు, మానిటర్ పాతదైనా పనికొస్తుంది. ద్వారకానగర్‌లో షాపతను నాకు రంగురంగుల లైట్లున్న క్యాబినెట్ చూపించాడు.

"ఇది తీస్కో బావా, సీకట్లో అదిరిపోద్ది."

"లైట్లు బొమ్మలెయ్యవు కద బావా. మామూల్ది ఇవ్వు."

"పెళ్లికి కాదేటి మరి? సరే, నీ ఇష్టం" అని నవ్వి, మామూలుది దించాడు.

ప్రాసెసర్ మాత్రం అతని దగ్గర లేదు. హైదరాబాద్ నుంచి రావాలన్నాడు. మిగతావన్నీ ఇంటికి తెచ్చి గదిలో బల్ల మీద పెట్టి, దాని కోసం ఎదురు చూశాం. అప్పుడు చేపల వేట నిషేధం నడుస్తోంది. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, మా నాన్న కూడా ఒడ్డునే ఉన్నాడు. సముద్రం మీదికి వెళ్లని నాన్నకి చేతులు ఊరుకోవు. వల బాగుచేశాడు, ఇంజన్ విప్పి మళ్లీ బిగించాడు, అమ్మ వద్దంటున్నా వంటింటి గోడకి సున్నం కొట్టాడు.

ఆదివారం పొద్దున ప్రాసెసర్ వచ్చింది. చాప పరిచి, అందరం చుట్టూ కూర్చున్నాం. ఒంటికి పట్టి ఉండే స్టాటిక్ కరెంటు చిప్పుల్ని పాడు చేస్తుంది గనక ముందు ఇనుమును ముట్టుకోవాలని అందరికీ చెప్పాను. అమ్మ ఎందుకైనా మంచిదని తనూ ఓసారి క్యాబినెట్ ముట్టుకుని కళ్లకద్దుకుంది. పుస్తకంలో ఏ వరసలో ఉందో అదే వరసలో బిగించుకుంటూ వచ్చాను. ప్రతి ముక్కా టక్కుమని కూర్చుంటుంటే నాకు లోపల ఒక రకమైన గర్వం.

స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది.

"ఇదేటిది, గాలి బాగానే వత్తంది, బొమ్మ రాదేటి?" అంది అమ్మ.

బోర్డు మీద ర్యామ్ పక్కన ఎర్రటి చిన్న దీపం వెలుగుతోంది. ర్యామ్ అందడం లేదని దాని అర్థం. తీసి చూశాను. బంగారు రంగు పళ్ల వరస వేలికి జారుడుగా తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇంజన్ ఆయిలు.

"నాన్నా!"

"ఏట్రా?"

"వీటికి నూనె ఎవరు రాసినారు?"

"నానే. అలగ బల్ల మీద ఒగ్గేసి ఎల్లిపోనావు. ఉప్పుగాలికి ఉంతాయేటి అవి? తుప్పట్టెయ్యవా? అందుకే గుడ్డెట్టి తుడిసినాను."

మా పేటలో ఎవరైనా చేసే పనే అది. కిటికీ ఊచలు, సైకిల్ గొలుసు, తాళంకప్ప, కుట్టుమిషను, ఇనుమన్నది ఏదైనా నాలుగు రోజులు కదలకుండా ఉంటే నూనెగుడ్డ తిరగాల్సిందే. లేకపోతే సముద్రం తినేస్తుంది. నేను అన్ని పుస్తకాలు చదివానా, ఒక్కదాంట్లోనూ మా నాన్న లేడు.

"అన్నిటికీ రాసినారా?" చెల్లి గొంతు చాలా మెల్లగా వచ్చింది.

"అన్నిటికీ ఎందుకే? బంగారంలాగ మెరిసే కాడే రాసినాను. అవే కద ఖరీదువి."

సరిగ్గా కరెంటు పారాల్సిన చోట్లు అవే. గ్రాఫిక్స్ కార్డు తీసి చూస్తే దానికీ అంతే. గాడుల్లోకి కూడా నూనె దిగింది. చెల్లి గోడకున్న క్యాలెండర్ వైపు ఒకసారి చూసి తల దించుకుంది. నాన్న అది చూశాడు.

"పెట్రోల్ ఎట్టి కడిగేద్దామేటి?"

"వద్దు నాన్నా! వద్దు!"

ముక్కలు తుడవడానికి స్పిరిట్ లాంటి ద్రవం ఒకటుందని నాకు తెలుసు. మొబైల్ రిపేర్ షాపుల్లో వాడతారు. పేరు చీటీ మీద రాసిచ్చేలోపే నాన్న చొక్కా తొడుక్కున్నాడు. ఆదివారం కదా, రెండు షాపులు మూసి ఉన్నాయట. ఎక్కడో తెరిచి ఉన్నదాన్ని వెతికి, సీసా పట్టుకుని చెమటతో వచ్చాడు. చెల్లి, నేను దూదితో ఆ బంగారు రంగు పళ్లు తుడిచాం. కొత్త టూత్‌బ్రష్ తడిపి గాడుల్లో మెల్లగా తిప్పాం. ఆరేదాకా ఎవరూ ముట్టుకోకూడదన్నాను. నాన్న రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"బువ్వకి రండి, అది ఎక్కడికీ పారిపోదు" అంది అమ్మ. ఎవరూ కదల్లేదు.

మళ్లీ స్విచ్ వేశాను. ఎర్ర దీపం వెలిగి, ఆరింది. తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. చెల్లి నా భుజం మీద గట్టిగా చరిచింది. నాన్న మాత్రం తెరని కాదు, చెల్లిని చూస్తున్నాడు.

ఆ తర్వాత చెల్లి షాపు నుంచి రావడం, కంప్యూటర్ ముందు కూర్చోవడం. నేర్చుకోవాల్సినవి నేర్చుకుంటూనే ఆట కట్టింది. ఒడ్డు దగ్గర కెరటాలు విరిగే చోటు దాటించి పడవని లోపలికి తీసుకెళ్లాలి. కెరటానికి పడవ ముక్కు ఎదురుగా లేకపోతే తిరగబడుతుంది. అంతే ఆట. పంపే ముందు నాన్నని కూర్చోబెట్టింది. నాన్న బాణం మీటల్ని చుక్కాని పట్టినంత గట్టిగా పట్టాడు. పడవ తిరగబడింది. మళ్లీ తిరగబడింది.

"నీ సంద్రమే బాగునేదు. ఎవుడైనా ఇలగ ఒత్తుకుంటా ఏటకెల్తాడేటి?"

"ఓలమ్మా, ఏటకెల్లే మడిసే ములిగిపోతన్నాడు" అని అమ్మ పగలబడి నవ్వింది.

గడువు రోజు పొద్దునే పంపేసింది. వారం గడిచినా జవాబు లేదు. చెల్లి షాపుకు వెళ్లి వస్తూనే ఉంది. ఫోన్ వచ్చినప్పుడు ఇంటి ముందు అమ్మతో కలిసి ఎండుచేపలు తిరగేస్తోంది. చెయ్యి కడుక్కోవడానికి వీల్లేక మోచేత్తో స్పీకర్ నొక్కింది. మూడు నెలలు శిక్షణలో తీసుకుంటామని, సోమవారం రమ్మని అటువైపు ఆయన చెప్పాడు. ఆఫీసులో అందరూ ఆ పడవ తోలుతూ కూర్చున్నారట.

నాన్న లోపల్నుంచి గబగబా వచ్చి, గుసగుసగా అన్నాడు. "దాటినారేటో అడుగు. అడగవే."

"సార్, ఎవరైనా దాటారా?"

"ఒక్క అమ్మాయి దాటిందమ్మా" అన్నాడాయన నవ్వుతూ.

నాన్న ఏదో గొణుక్కుంటూ లోపలికి వెళ్లిపోయాడు. అమ్మ చెల్లి తలని చేపల వాసన చేత్తోనే దగ్గరికి లాక్కుంది.

ఆ సాయంత్రం చెల్లి మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుంది. పరీక్ష లేదు, గడువు లేదు.

"ఏటి గీత్తన్నావే?"

"ఇంకా తెల్దన్నయ్యా. ఊరికే" అంటూ తెర మీద ఒక గీత లాగింది, దాన్ని చెరిపి, మరొకటి లాగింది.