జమ్మికి ముందే ఎత్తిన గ్రీజు గన్ను

మా ముత్తాత నరసింహారావు, తాత రాఘవరావు చొప్పదండి అవతలి ఊళ్లకు దేశ్‌ముఖులు. నవమి నాడు పూజలో పెట్టిన పనిముట్లను దసరా సాయంత్రం జమ్మి దగ్గర మా తాత కత్తి ఎత్తాకే జనం ముట్టేవారు. అప్పటిదాకా నాగలి కదిలేది కాదు, కొడవలి కదిలేది కాదు. మొదటి ఆయుధం ఎత్తే హక్కు తాత తర్వాత బాపుకు, అంటే మా నాన్నకు, వచ్చింది. నిజాం రాజ్యం పోయింది. భూములు పోయాయి. మేముండే గడి కప్పు సగం కూలింది. ఆ హక్కు మాత్రం మిగిలింది. నేను సైన్యంలో లారీ డ్రైవర్‌గా చేరాను. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

చెన్నూరు దగ్గర గోదావరి ఒడ్డున మేము దిగేసరికి వానలు వెనకబట్టాయి. వరదకు తెగిన దారిని బాగుచేయాలని ఉత్తర్వు. రేగడి బురద బూట్లను వదిలేది కాదు. మాకున్నవి కొన్ని గుడారాలు, ఒక వైర్‌లెస్ సెట్టు, ఒకే ఒక లారీ. హవల్దారు ఆదిలాబాద్ వాడు. వంట జవాను మా కరీంనగర్ వైపువాడు. అందరూ నన్ను దొర అని పిలిచేవారు, సగం వెక్కిరింతగా. నేను పలికేవాణ్ణి.

నవమి నాడు లారీని పూజకు కడిగాం. పెళ్లిపిల్లలా మెరవాలన్నాడు హవల్దారు. జవాన్లు ఉత్సాహం కొద్దీ ముందు చక్రాల కీళ్లను కూడా కిరోసిన్‌తో తోమేశారు. పాత గ్రీజంతా పోయింది. కొత్తది పట్టించేలోపు పూజవేళ అయింది. రైఫిళ్లు కాపలా కోసం చేతుల్లోనే ఉన్నాయి. పానాలు, జాకీ, కీళ్లకు గ్రీజు ఎక్కించే గ్రీజు గన్ను మాత్రం కుంకుమ బొట్లతో అమ్మవారి పటం ముందుకు చేరాయి. ఆచారం ప్రకారం లారీకి నిమ్మకాయలు తొక్కించాను. స్టీరింగ్ తిప్పగానే కిందినుంచి కిర్రుమని మూలిగింది.

మర్నాడు, అంటే దసరా నాడు, పొద్దున్నే వంట జవాను కడుపు పట్టుకుని ముడుచుకుపోయాడు. వాంతులు, జ్వరం. కుడివైపు ముట్టుకుంటే ఒళ్లంతా బిగిసేది. ఆలస్యం చేస్తే పేగు పగులుతుందనీ వెంటనే ఆసుపత్రికి తేవాలనీ పెద్ద క్యాంపు డాక్టరు సెట్టు మీద చెప్పాడు. మా లారీ మూలుగుతోంది గనుక అక్కడి నుంచి బండి పంపమని అడిగాం.

"బండి సాయంత్రానికే వస్తదంట," అన్నాడు వైర్‌లెస్ జవాను, చెవుల మీది ఫోను తీయకుండా.

మీరు ఊళ్లో బండి చప్పుడు వింటే విసుక్కుంటారు. మాకు మా లారీ చప్పుడు ఎక్కడిదో తేలడంలోనే అతని ప్రాణం ఉంది. ఆసుపత్రి దారి వాగు పైనుంచి మలుపులు తిరుగుతూ పోతుంది. మూలిగేది స్టీరింగ్ తిప్పును చక్రాలకు అందించే బాక్సు అయితే మలుపులో చక్రం మాట వినదు. అందరం వాగులో పడతాం. కీళ్లయితే గ్రీజుతో పోతుంది.

ఇంజిన్ ఆపి హవల్దారును స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టాను. మెల్లగా అటూ ఇటూ తిప్పమన్నాను. కింద పడుకుని బాక్సు మీద అరచెయ్యి పెట్టాను. చప్పుడు వస్తోంది గాని చేతికి అదురు లేదు. కడ్డీ కీళ్లు చూశాను. అక్కడా లేదు. కుడి చక్రం తిరిగే నిలువు మేకు ఉంటుంది, కింగ్ పిన్ అంటాం. దాని మీద చెయ్యి పెట్టగానే గండుచీమల గుంపు పాకినట్టు అదిరింది. ఎడమవైపూ అంతే. మేం కడిగి ఎండబెట్టిన చోట్లే.

గ్రీజు కావాలి. గన్ను అమ్మవారి ముందుంది. జమ్మి పూజ కాకుండా దాన్ని ముట్టడానికి జవాన్లు ముందుకు రాలేదు. చాప మీద పడుకున్న వంటవాడే అన్నాడు.

"నా కోసం ఎత్తకుండ్రి. జమ్మి పూజ దాంక ఆగుత."

హవల్దారు నా వైపు తిరిగాడు. ఈసారి వెక్కిరింత లేదు.

"దొరా, మీ ఊర్ల మొదటి ఆయుధం ఎవరు ఎత్తుతరు?"

"మా బాపు."

"బాపు లేకపోతే?"

"నేను."

"గీడ బాపు లేడు గదా."

బూట్లు విప్పాను. కాళ్లు చేతులు కడుక్కున్నాను. అమ్మవారికి మొక్కి గ్రీజు గన్ను ఎత్తాను. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. ఒకడు పానా అందుకున్నాడు, ఇంకొకడు జాకీ పెట్టాడు. ముందు చక్రాలు గాల్లోకి లేపాం. బరువు మీద ఉంటే గ్రీజు పోవలసిన చోటికి పోదు. పిడి నొక్కాను. మొదట మురికి నీళ్లు వచ్చాయి, తర్వాత తుప్పు, చివరికి కొత్త గ్రీజు. చక్రాలు దించి స్టీరింగ్ తిప్పాను. మూలుగు పోయింది.

వాగు మలుపుల్లో వెనకనుంచి వంటవాడి గొంతు సన్నగా వినిపించింది.

"దొరా, సప్పుడు బందయింది. నిద్రొస్తుంది."

"పండకు," అన్నాడు హవల్దారు. "నీ ఉప్పులేని పప్పు ఇంకెవడు వండుతడు?"

మధ్యాహ్నానికి ఆసుపత్రిలో కోత పెట్టారు. బతికాడు. దీపావళికి మళ్లీ ఉప్పు లేకుండానే వండాడు.

దారి పూర్తయ్యాక సెలవు మీద ఇంటికి వచ్చాను. జమ్మికి ముందే, బాపు బతికుండగానే ఆయుధం ఎత్తానని దాచకుండా చెప్పాను. బాపు నా కాళ్ల వైపు చూశాడు.

"బూట్లు ఇడిసినవా?"

"ఇడిసిన."

తల ఊపాడు. అంతకుమించి అడగలేదు.

చాలా బండ్లు నడిపాను, చాలా చోట్ల పడుకున్నాను. కళ్లు మూస్తే ఇప్పటికీ కనిపించేది ఒకటే. కుంకుమ బొట్టు చెదరని గ్రీజు గన్ను, కింగ్ పిన్ అంచున ఉబికి వచ్చిన పచ్చటి ముద్ద.

నేను బాపుకు చెప్పిన ఆ రోజు మా పూజగదిలో, జమ్మి దగ్గర ఎత్తే కత్తి వేలాడే చోట గోడ మీద తెల్లటి చార మాత్రమే ఉంది. ఆ ఏటి దసరాకు ముందే, వెండి పిడికి వచ్చే డబ్బు కోసం బాపు దాన్ని కరీంనగర్‌లో అమ్మేశాడు.