బస్తీ దాటని కొర్రమీను

మా ఇంటి వెనకాల చెరువులో పడవ మీద చేపలు పట్టడానికి బాపుకు లైసెన్సు ఉంది. దానికి ఒక షరతు కూడా ఉంది: పట్టిన చేపల్లో సగం చుట్టుపక్కల బస్తీల వాళ్లకే అమ్మాలి, మిగతా సగమే లారీ ఎక్కాలి. జహనుమా బస్తీలో మా గల్లీ వాళ్లు అన్నిటికంటే ఎక్కువ గౌరవించే చట్టం ఇదే. వండుకుని తినగలిగే చట్టం ఇంకోటి లేదు కదా.

మొన్న వానాకాలం ముందు ఆ లైసెన్సు రెన్యువల్‌కు వచ్చింది. తనిఖీకి ఒక సార్ వస్తాడని కబురు. అంతకుముందే, చేపలన్నీ లారీకెత్తిన ఇంకో పడవాయన లైసెన్సు పోయింది. అప్పటినుంచి బాపు అన్నం ముందు కూర్చుని నిట్టూర్చడం మొదలుపెట్టాడు. రెండోసారి వడ్డించుకుని కూడా నిట్టూర్చేవాడు.

తనిఖీ రోజు పొద్దున వలలో చెయ్యంత లావు కొర్రమీను పడింది. బాపు దాన్ని తడి గోనెసంచిలో చుట్టి, గట్టు మీద తక్కెడ పెట్టుకుని కూర్చున్న అమ్మ వెనకాల దాచాడు. సార్‌కిస్తే ఖుష్ అవుతాడట. సార్ మన బస్తీలో ఉంటాడా అని అడిగాను. నన్ను బొచ్చె చేపల మీద ఈగలు తోలమన్నాడు.

సార్ స్కూటర్ మీద వచ్చాడు. మెత్తటి కోస్తా మాట.

"ఇక్కడి వాళ్లకే అమ్ముతున్నారని ఆధారం ఏమైనా ఉందాండీ?"

బాపు బిత్తరపోయాడు. చేపకు రసీదు అడిగిన మనిషి మా గల్లీలో ఇంతవరకు పుట్టలేదు. బాపు గోనెసంచిలోంచి కొర్రమీను తీసి సార్ చేతుల్లో పెట్టాడు.

సరిగ్గా అప్పుడే మా పక్కింటి ఖాలా సంచీతో వచ్చింది. అల్లుడు భోజనానికి వస్తున్నాడని, కొర్రమీను పడితే తనకే ఉంచమని ముందురోజే అమ్మకు చెప్పి పెట్టుకుంది.

"ఏంది భాయ్ ఇది? నా దామాద్ వస్తుండని చెప్పిన గదా. గీయన ఏ గల్లీ?"

"ఆపా, జర ఆగు. సార్ ఆఫీసు నుంచి వచ్చిండు."

"వస్తే రానీ. సగం హిస్సా బస్తీదని రోజూ నువ్వే చెప్తవు. గిప్పుడు బయటోళ్లకు ఎట్ల ఇస్తవు?"

వెనకున్న ఆడవాళ్లు కూడా అందుకున్నారు. ఒకామె పోయిన వారం తనకు చిన్న బొచ్చె అంటగట్టారని, ఇంకొకామె రవ్వ చేప తలకాయ ఎవరికో పోయిందని లొల్లి. బాపు మొహం ఎండిన చెరువులా అయింది. లైసెన్సు పోతే నన్ను చార్మినార్ గాజుల దుకాణాల్లో ఎవరు పనికి పెట్టుకుంటారా అని ఆలోచిస్తున్నాను.

సార్ చేపను రెండు చేతులతో పట్టుకుని, అందరి ఫిర్యాదులూ ఓపికగా విన్నాడు. తర్వాత దాన్ని ఖాలా సంచీలో వేసి చేతులు తుడుచుకున్నాడు.

"ఇంతమంది ఇంత హక్కుగా తిడుతుంటే ఇంక వేరే ఆధారం ఎందుకండీ?"

షరతు పాటిస్తున్నారని అక్కడే ఫైల్లో రాశాడు. బాపు కళ్లల్లో నీళ్లు. చెరువు గాలి అన్నాడు. ఆ పూట ఆకు కూడా కదలలేదు.

లైసెన్సు ఆ సార్ చేతిలోనే ఉందని తెలిశాక కూడా ఖాలా ఏమీ తగ్గలేదు, భోజనానికి మాత్రం పిలిచింది. ఆయన మర్యాదకు రెండుసార్లు వద్దని, మూడోసారి చెప్పులు విప్పాడు. అల్లుడి పక్కనే కూర్చుని తిన్నాడు. కొర్రమీను బస్తీ దాటలేదు. ముళ్లు సైతం మా గల్లీ పిల్లులకే దక్కాయి.