ఆకుపచ్చ చుక్క

పోయిన వారం మా అమ్మాయి మోటారు సైకిలును సర్వీసుకిచ్చి తెచ్చుకోబోతే, మార్చిన పాత వాటర్ పంపును ప్లాస్టిక్ కవరులో వేసి బిల్లుతో పాటు నా చేతిలో పెట్టారు. నేను బిల్లు చూడలేదు. బండి పక్కన గొంతుక్కూర్చుని, కొత్త పంపు బోల్టుల మీద రంగు చుక్క ఏదైనా ఉందేమోనని వెతికాను. లేదు. ఈ పని ఎవరు చేశారని అడిగితే కౌంటరులో అమ్మాయి నవ్వుతూ, "టీమ్ చేసింది అంకుల్" అంది. ఫిర్యాదు కాగితం అడిగి తీసుకుని, అక్కడే నిలబడి రెండు వైపులా రాశాను. మా అమ్మాయి విసుక్కుంది గానీ, రేకుల షెడ్లలో చేతులు నల్లగా చేసుకున్న నా ఈడు వాళ్ళకు నా గోడు అర్థమవుతుంది.

మా అమ్మ తమ్ముడికి హెబ్బగోడిలో హొసూరు రోడ్డు పక్కనే మెకానిక్ షెడ్డు ఉండేది. ఆ మామ దగ్గరే నేనూ, ఆయన కొడుకైన, నాకంటే ఏడాది పెద్దయిన మా బావా పని నేర్చుకుని, పదిహేనేళ్ళు పక్కపక్కనే పని చేశాం. ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. ఇంజనుకు బోల్టులు ఎవరు బిగిస్తే వాళ్ళు వాటి తలల మీద తమ రంగు చుక్క పెట్టాలి. అందుకు ఆడవాళ్ళ గోళ్ళరంగు వాడేవాళ్ళం. మామది తెలుపు, బావది ఎరుపు, నాది ఆకుపచ్చ. సీసా అయిపోయి కొనడానికి వెళ్ళినప్పుడల్లా గాజుల అంగడి ఆమె, "ఏమప్పా, నీ పెండ్లానికి ఎన్ని గోర్లుండాయి?" అని ఎగతాళి చేసేది. చుక్క పడిందంటే మంచైనా చెడైనా ఆ రంగువాడిదే. రెండో మాట లేదు. హొసకోటెలో ఇంకో షెడ్డు తెరిచి నా చేతికిస్తానని మామ నలుగురిలో మాటిచ్చింది కూడా నా చుక్క పడిన బండి ఎన్నడూ తిరిగి రాలేదనే.

రెండు వేల దశకం చివర్లో, నీళ్ళతో చల్లబడే ఇంజన్లు మా వైపు కొత్తగా వస్తున్న రోజుల్లో, బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ పని చేసే ఒక కుర్రవాడు అలాంటి బండి ఒకటి తెచ్చాడు. కూలెంటు పోయవలసిన చోట తన అద్దె గది బోరు నీళ్ళు పోశాడట. ఆ నీళ్ళ సంగతి మనకు తెలియనిదా, బిందెకే తెల్లగా పెచ్చు కడతాయి. వాటర్ పంపు ఇంజను గూటిలో ఉప్పు పట్టి సిమెంటు పోసినట్టు బిగుసుకుపోయింది. బోల్టులు విప్పాను, నూనె పోసి నానబెట్టాను, వేడినీళ్ళు పోశాను, చెక్క సుత్తితో చుట్టూ తట్టాను. కదల్లేదు. ఇలాంటప్పుడు సందులో స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తడమంత పాపం లేదు. మెత్తటి అల్యూమినియం మీద గాటు పడితే ఆ అంచు మళ్ళీ నీటిని ఆపదు. అందుకని కొలతలు తీసుకుని, దాన్ని సమంగా లాగే పుల్లర్ ఒకటి చేయించడానికి బొమ్మసంద్ర లేతు షాపుకు వెళ్ళాను. కరెంటు లేక మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాను.

పుల్లర్ సంచిలో వేసుకుని వచ్చేసరికి పంపు ఊడివచ్చి, లోపలంతా శుభ్రమై, అంచులకు నీరు కారకుండా పూసే పేస్టు పూసుకుని మళ్ళీ తన గూటిలో కూర్చుని ఉంది.

"నీ పుల్లర్ నీ బిడ్డ పెండ్లికి వస్తుందిలేప్పా," అన్నాడు బావ. "నువ్వు పోసిన నూనెకే మెత్తబడిండాది, రెండు తట్లకే ఊడొచ్చె. బోల్టులు బిగించి చుక్క పెట్టేయ్, ఆ పిల్లోడు కాసుకోనుండాడు."

నేను సంతోషించాను, అదీ నా ఖర్మ. పేస్టు కింద ఏముందో ఊడదీసి చూడవలసింది. బావ కదా అని చూడలేదు. నాలుగు బోల్టులు బిగించి నాలుగు ఆకుపచ్చ చుక్కలు పెట్టాను.

వారం తిరక్కుండా ఆ కుర్రవాడు బండిని తోసుకుంటూ వచ్చాడు. నీళ్ళన్నీ కారిపోయి హొసూరు రోడ్డు మీద ఇంజను పట్టేసింది. "నీ చుక్క చూసే కదన్నా ధైర్యంగా తీసుకుపోయినా," అన్నాడు. తిట్టినా బాగుండేది.

పంపును మామే విప్పాడు. పేస్టు గీకి అంచు మీద బొటనవేలు నడిపిస్తూ ఒకచోట ఆగాడు. అక్కడ స్క్రూడ్రైవర్ మొన వెడల్పున లోతైన గాటు. నేను స్క్రూడ్రైవర్‌తో ఏదీ ఎత్తనని ఆయనకు తెలుసు, నేర్పింది ఆయనే. తలెత్తి కొడుకు వైపు చూశాడు. బావ అప్పటికే శుభ్రంగా ఉన్న ప్లగ్గును మళ్ళీ తుడుస్తున్నాడు.

"చుక్క ఎవురిది?" అన్నాడు మామ.

బావ నోరు విప్పుతాడని చూశాను. సంచిలోని పుల్లర్ తీసి చూపించి ఉండవచ్చు, చూపించలేదు. చెప్పవలసినవాడు చెప్పాలి.

"నాదే మామా," అన్నాను.

"అట్లయితే ఇంగ మాట్లాడేదేముండాది," అని ఆయన చేతులు కడుక్కోవడానికి లేచాడు.

హొసకోటె షెడ్డు బావకు వెళ్ళింది. నేను ఫ్యాక్టరీలో చేరాను. బావ స్క్రూడ్రైవర్ దూర్చినందుకు ఎక్కువ కోపమా, ప్లగ్గు తుడుస్తూ కూర్చున్నందుకా అని మా ఆవిడ అడుగుతుంటుంది. నేను రెండూ మరిచిపోలేదు. మామ మంచాన పడినప్పుడు కబురు పంపితే వెళ్ళాను. తప్పు నాది కాదని తనకు తెలుసన్న ఆ ఒక్క మాట అంటాడేమోనని సాయంత్రం దాకా కూర్చున్నాను. నా మణికట్టు పట్టుకుని, "అన్నం తినినావా?" అని మాత్రం అడిగాడు. తిన్నానని అబద్ధం చెప్పి వచ్చేశాను.

ఒక్కసారీ వాడని ఆ పుల్లర్ ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. కవరులోని పాత పంపును దాని పక్కనే పెట్టాను. దాన్ని విప్పినవాళ్ళకూ, దాని చోట కొత్తది బిగించినవాళ్ళకూ పేరు లేదు. రేపు అది కారినా ఎవరి ముందూ ఎవరూ తల దించుకోనక్కర్లేదు. నాకు అన్యాయం జరిగిన రోజుల్లో కనీసం అది చేసినవాడు నా సొంత బావ, ఎదురుగా నిలబడి అడిగేవాడికి "నాదే" అని చెప్పడానికి నాకొక రంగు ఉండేది.