గోదారి ముంచిన ఏడు

లేబర్ ఆఫీసర్ వీరభద్రం జీపు కనబడగానే కంకర మిల్లు ఆపేస్తారు. ఆయన కళ్ళద్దాల దుమ్ము తుడుచుకుని, రిజిస్టర్ తెరిచి, తలెత్తకుండానే వయసు అడుగుతాడు. పద్నాలుగు నిండితే కేసు ఉండదు. ఆ అడవి ఊళ్ళలో పుట్టిన తేదీ కాగితాలు ఎవరి దగ్గరా ఉండవు, అందుకే పిల్లలందరిదీ ఒకటే జవాబు: "ఎనభయ్యారుల గోదారి ముంచిన ఏడు పుట్టిన సార్. పదిహేను." ఆయనా అదే రాసుకుంటాడు. ఆ రోజు పినపాక దారిలోని మిల్లులో చిన్నక్క అనే పిల్లా అదే చెప్పింది. రాశాడు. ఆ పిల్ల మాత్రం కదల్లేదు.

"ఇంకేందమ్మా?"

దుమ్ముకు తెల్లబడ్డ గుప్పిట విప్పింది. అందులో పొద్దున ఊడిన పాలపన్ను.

"కప్పు మీద ఏస్తరా సార్? నాకందుతలేదు."

వీరభద్రం తలెత్తాడు. పన్ను తీసుకుని పైకి విసిరాడు. రేకుల మీద అది టక్కుమంది. రిజిస్టర్‌లో పదిహేను ఇంకా తడారలేదు.